ఎండ సరే... నీడ ఎవరివ్వాలి?

మే నెల మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మీ వంటింటి గోడ మీద ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశారా? మేడ మీద పోర్షన్లో అద్దెకుండే వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కుళాయి తిప్పితే వేణ్నీళ్లు. ఫ్యాను వేస్తే వేడిగాలి. స్టవ్ ముందు నిలబడితే కొంగు తడిసి ముద్ద. హాల్లో కూలర్ ముందు కూర్చున్నవాళ్లు "ఇవాళ ఎండ మండిపోతోంది" అని పేపరు చూసి చెబుతారు. మనకు పేపరెందుకు, గోడే చెబుతుంది!

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది రేకుల ఇల్లు. 2025 ఏప్రిల్ ఆఖర్లో వాళ్లత్తగారు పోయారు. నాలుగో రోజున వచ్చి గుమ్మంలో కూర్చుని చెప్పింది.

"పొద్దున్నుంచీ తలనొప్పి అన్నదమ్మా. అయినా వంట చేసి పడుకున్నది. నేను ఇంటికి పోయి చూస్తే ఒళ్లు పెనంలాగా కాలుతున్నది. చెమట చుక్క లేదు. ఏదేదో మాట్లాడింది. ఆటో వచ్చేసరికే అయిపోయింది."

ఆమె చెప్పినవన్నీ వడదెబ్బ లక్షణాలే. కానీ గుండె ఆగిందనుకున్నారు, సాయంత్రానికల్లా కార్యక్రమం ముగించేశారు. తర్వాత ఎవరో చెప్పారట, వడదెబ్బతో పోతే ప్రభుత్వం డబ్బిస్తుందని. "మాకొస్తదా అమ్మా?" అని అడిగింది. కాగితం ఒక్కటీ లేదు. ఏం చెప్పను?

ఆ ప్రశ్నే నన్ను నాలుగు విషయాలు చదివించింది. అవి మీతో కూడా పంచుకుందామనే ఈ వ్యాసం.

ఢిల్లీ దాకా ఎందుకు?

భూమి వేడెక్కుతోంది అనగానే మనకు గుర్తొచ్చేవి పెద్ద పెద్ద దేశాల సమావేశాలు, ఒప్పందాలు. అదేదో పెద్దవాళ్లు చూసుకునే వ్యవహారంలే అనుకుంటాం. పొగ తగ్గించడానికి ఆ ఒప్పందాలు కావలసిందే, కాదనను. అవి ఫలించేలోగా మన నెత్తిన పడే ఎండ సంగతేమిటి?

ఆసుపత్రులు, బడి వేళలు, ఇళ్ల ప్లాన్ల అనుమతులు, తాగునీరు, అంగన్‌వాడీ నడక - ఇవి ఎవరి చేతిలో ఉన్నాయి? చాలామటుకు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో, దాని కింద మునిసిపాలిటీ, పంచాయతీల చేతిలో. కేంద్రం 2008లో వాతావరణ మార్పు మీద జాతీయ ప్రణాళిక తెచ్చి, ఆ మరుసటి ఏడాది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం సొంత ప్రణాళిక రాసుకోమన్నది అందుకే. తీరంలో ఎండ ఒక రకం, మెట్ట ప్రాంతంలో మరో రకం. మైదానాల్లో 40 డిగ్రీలు దాటాకే వడగాలుల లెక్క చూసే వాతావరణ శాఖ, తీర ప్రాంతాలకు 37 నుంచే చూస్తుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే సముద్రం పక్కన ఎండ తక్కువే కనిపించినా ఉక్క ప్రాణం తీస్తుంది.

పొరుగువాళ్లు నేర్చుకున్న పాఠం

1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. ఆ దెబ్బతో ఆ రాష్ట్రం మేలుకుంది. బడులు పొద్దుటి పూటకు మార్చారు. మిట్టమధ్యాహ్నం కూలి పనులు ఆపించారు. దారి పొడవునా చలివేంద్రాలు పెట్టించారు. ఊరూరా చాటింపు వేయించారు. అవేమీ రాకెట్లు పంపేంత పనులు కావు. కానీ 1998 నాటి అంత ఘోరం అక్కడ మళ్లీ జరగలేదు.

మన సంగతి? 2015 మే నెల మనకింకా గుర్తే. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. మా పనమ్మాయి అత్తగారిలా లెక్కలోకి రానివాళ్లు ఇంకెందరో!

అహ్మదాబాద్ కథ అమ్మలందరూ వినాలి. 2010 మే నెల ఎండల్లో అక్కడి ఒక ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన బిడ్డల వార్డు పై అంతస్తులో ఉండేది. కప్పు కాలిపోయి, పసిగుడ్డులు వేడికి తాళలేకపోయారు. తర్వాత ఆ వార్డును కింది అంతస్తుకు మార్చారు. వేడి దెబ్బ తగిలే పిల్లల సంఖ్య తగ్గింది. మందు కాదు, మిషను కాదు... మెట్లు దిగారు, అంతే! 2013లో ఆ నగరం ఎండలను ఎదుర్కొనే ప్రణాళిక రాసుకుంది. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది.

సున్నం బకెట్టు విలువ

మన అమ్మమ్మలు వేసవికి ముందు డాబా మీద సున్నం కొట్టించేవారు. ఎందుకమ్మా అంటే "చల్లగా ఉంటుందే" అనేవారు. అందులో ఎంతో శాస్త్రం ఉంది. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొట్టేస్తుంది. నల్లబడిన శ్లాబు పగలంతా వేడి తాగి, రాత్రంతా మన మీద కక్కుతుంది.

హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 2017లో ఇరవై అయిదు పేద ఇళ్ల కప్పుల మీద వేడిని తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. ఇంటి లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేగా అనకండి. పసిపిల్లను పక్కలో వేసుకుని పడుకునే తల్లికి ఆ రెండు డిగ్రీలే నిద్ర.

2023 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ఏకంగా చల్లని కప్పుల విధానమే ప్రకటించింది. 2028-29 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు అలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. కొత్తగా కట్టే ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు, సర్కారు కట్టించే పేదల ఇళ్లకు అది తప్పనిసరి. సొంత ఇళ్లయితే 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాల్లో కట్టేవాటికి తప్పనిసరి. మంచి ఆలోచన, మెచ్చుకుందాం.

కానీ ఒక్క మాట. 600 గజాల కన్నా చిన్న ఇల్లు "మీ ఇష్టం" కింద ఉంది. ఇప్పటికే కట్టేసిన పాత ఇల్లూ అంతే. మా పనమ్మాయి రేకుల ఇల్లు యాభై గజాలు ఉంటుందేమో! ఏసీ పెట్టుకోగలిగిన వాళ్లకు నిబంధన, రేకుల కింద కాలేవాళ్లకు సలహానా? ఇష్టం ఆమెకూ ఉంది, లేనిది డబ్బు. ఇక్కడే ప్రభుత్వం ఇంకో అడుగు వెయ్యాలి. పాత బస్తీ ఇళ్లకు, రేకుల ఇళ్లకు సున్నమో తెల్లరంగో ఉచితంగా ఇప్పించాలి. ఆ పని పొదుపు సంఘాల ఆడవాళ్లకే అప్పగిస్తే ఇల్లు చల్లబడుతుంది, చేతిలో నాలుగు రూపాయలూ ఆడతాయి.

కాగితం కావాలి

2025 ఏప్రిల్లోనే తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అంతకు ముందు యాభై వేలుగా ఉన్న సాయం నాలుగు లక్షలైంది. కేంద్రం గుర్తించిన విపత్తుల పట్టికలో వడగాలులకు అప్పటికి చోటు లేకున్నా, విపత్తు నిధిలో పది శాతం దాకా ఇలా వాడుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. 2024లో తమిళనాడు కూడా వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది.

అయితే మరణానికి కారణం వడదెబ్బేనని అధికారులు ధృవీకరిస్తేనే ఆ సాయం అందేది. పొలంలోనో రోడ్డు మీదో కూలిపోతే పదిమంది చూస్తారు, చెబుతారు. వంటింట్లో కూలిపోయిన ఆడదానికి సాక్షి ఎవరు? "పెద్దావిడ, టైమొచ్చింది, పోయింది" అంటారు. లెక్కలో లేని చావుకు డబ్బు రాకపోవడం ఒక నష్టం. ఆ లెక్కను బట్టే వచ్చే ఏడు ఏ బస్తీకి నీళ్లు, ఏ వాడకు మందులు అని నిర్ణయిస్తారు కదా, అది ఇంకా పెద్ద నష్టం. ఇంట్లో పోయినవాళ్ల సంగతి ఆశా కార్యకర్త అడిగి రాసుకునే పద్ధతి పెట్టడం ప్రభుత్వానికి పెద్ద భారమా?

మనం అడగాల్సినవి

ఈ వేసవి రాకముందే మీ మహిళా మండలిలోనో, పొదుపు సంఘంలోనో ఈ మాట ఎత్తండి. వార్డు సభ్యుణ్ణి, సర్పంచ్‌ను కలిసి అడగండి. మా అంగన్‌వాడీ కప్పుకు తెల్లరంగు ఎప్పుడు వేయిస్తారు? మా ఆసుపత్రిలో బాలింతల వార్డు ఏ అంతస్తులో ఉంది? మిట్టమధ్యాహ్నం కూలి పనులు ఆపించే బాధ్యత ఎవరిది? అడిగితే తప్పు లేదు. మన పన్నులే, మన ఓట్లే.

ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలుతూ, మాట తడబడితే నిద్రపోతున్నారని వదిలెయ్యకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ గాలి తగలనివ్వండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పొయ్యకండి. ఆసుపత్రిలో కారణం ఏమని రాశారో అడిగి, ఆ కాగితం దాచిపెట్టండి.

మా పనమ్మాయికి నేను డబ్బు తెప్పించలేకపోయాను. కానీ పోయిన వారం ఇద్దరం కలిసి వాళ్ల రేకుల మీద సున్నం కొట్టాం. "లోపల కూచోగలుగుతున్నామమ్మా" అంది మర్నాడు. ఒక బకెట్టు సున్నానికి ఇంత తేడా ఉంటే, ఒక రాష్ట్రం తలుచుకుంటే ఎంత ఉండాలి!