మెడ దగ్గర మత్తు సూది: భయమెంత, జాగ్రత్త ఎంత?



నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి బండి మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. వాళ్లది భద్రాచలం అవతల అడవి అంచున పల్లె. ఆపరేషన్ అయిన సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసి, "సార్, బాబుకు ఒక కన్ను వాలిపోయింది, గొంతు బొంగురుపోయింది. పక్షవాతమేమో" అని ఏడ్చింది. తెల్లారేసరికి రెండూ సర్దుకున్నాయి. ఆ రాత్రి ఆమె పడ్డ బాధ ఇంకొకరు పడకూడదనే ఈ నాలుగు మాటలు.

చేతికి వెళ్లే నరాల కట్ట మెడ పక్కన కండరాల మధ్య నుంచి దిగుతుంది. అక్కడ మందు వేస్తే భుజం, పైచేయి మొద్దుబారతాయి. కానీ కన్ను, గొంతు, ఊపిరి నరాలు కూడా ఆ పక్కనే ఉంటాయి. మందు వాటికి పాకితే రెప్ప వాలుతుంది, గొంతు మారుతుంది. రెప్ప వాలి కనుపాప చిన్నదయ్యే ఈ లక్షణాన్ని 1869లో స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు హార్నర్ వివరించారు. సూది వేసిన వైపు ఉదరవితానం కూడా కొన్ని గంటలు బలహీనపడవచ్చు. ఆరోగ్యవంతుడికి అది తెలియదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి మాత్రం ఆయాసం రావచ్చు. అందుకే ఆస్తమా, పాత టీబీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

అరుదైనవే అసలు ప్రమాదాలు. మెదడుకు వెళ్లే రక్తనాళంలోకి కొద్ది మందు పోయినా వెంటనే ఫిట్స్ వస్తాయి. వెన్నుపాము దగ్గరికి పోతే బీపీ పడిపోయి ఊపిరి ఆగవచ్చు. ఊపిరితిత్తికి సూది తగిలితే ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. మందు రక్తంలో ఎక్కువైతే నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపైన గుండె ఆగడం. దీనికి విరుగుడుగా నరానికి కొవ్వు ద్రావణం ఎక్కిస్తారు. ఇలాంటి సూది తర్వాతే గుండె ఆగిన 58 ఏళ్ల రోగి ఆ ద్రావణంతో బతికిన సంగతి 2006లో న్యూయార్క్ వైద్యులు ప్రకటించారు.

కాబట్టి ఆపరేషన్‌కు సాయం చేసేటప్పుడు రేటు ఒక్కటే చూడకండి. మత్తు డాక్టరు ఉన్నారా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేస్తారా, ఆ కొవ్వు ద్రావణం అందుబాటులో ఉందా అని అడగండి. రోగి ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండే ఖర్చు కూడా కలిపి ఇవ్వండి. అర్ధరాత్రి ఆయాసం వస్తే అడవి పల్లె నుంచి ఖమ్మం చాలా దూరం.