మద్యం ప్రకటనలు: చట్టమూ, షరీఅత్ దృక్పథమూ

ఇస్లాం మద్యాన్ని నిషేధించినప్పుడు త్రాగేవానితోనే ఆగిపోలేదు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనగా తిర్మిజీ గ్రంథంలో ఉన్న హదీసు ప్రకారం, మద్యం విషయంలో దైవప్రవక్త (స) పదిమందిని శపించారు. త్రాగేవాడు ఆ పదిమందిలో ఒకడు మాత్రమే. పిండేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడు కూడా వారిలో ఉన్నారు. పాపానికి దారితీసే మార్గాన్ని ముందే మూసివేయడాన్ని ధర్మశాస్త్రవేత్తలు ‘సద్దె జరాయె’ అన్నారు.

మద్యం ప్రకటనలను అరికట్టే నేటి చట్టాల వెనుక ఉన్న ఆలోచన దీనికి దగ్గరగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మరాదు. అయితే దుకాణదారు వయస్సు అడగగలడు గాని, ప్రకటన ఎవరి వయస్సూ అడగదు. పన్నెండేళ్ల బాలుని కంట కూడా అది పడుతుంది. అందుకే నార్వే 1975లో మద్యం ప్రకటనలను నిషేధించింది. ఫ్రాన్సు 1991 నాటి ఎవాన్ చట్టంతో టెలివిజన్‌లోనూ, సినిమాహాళ్లలోనూ వాటిని ఆపివేసింది. భారతదేశంలో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలు మద్యాన్ని ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని ప్రోత్సహించే ప్రకటనలను నిషేధిస్తున్నాయి.

రహదారుల విషయంలో సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పింది. జాతీయ, రాష్ట్ర రహదారులపై మద్యం లభిస్తుందని తెలిపే బోర్డులను, ప్రకటనలను తొలగించాలని ఆదేశించింది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల మీదుగా సాగే 16వ నెంబరు జాతీయ రహదారి ఇట్టిదే. దుకాణాలు రహదారికి ఎంత దూరంలో ఉండాలన్న నిబంధన మాత్రం 2017లో పట్టణాల విషయంలో సడలింది.

అయినా వ్యాపారి మరో దారి వెదికాడు. మద్యం పేరునే సోడాకు, మంచినీళ్లకు, పాటల సీడీలకు పెట్టి ప్రచారం సాగించాడు. చూపేది సోడా, గుర్తుకు రావలసింది సారాయి! ఇటువంటి ముసుగు ప్రకటనలను 2022 జూన్ 9 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా నిర్ణయించింది.

ఇక్కడ ముస్లిం ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఏలూరు బజారులో తన గోడను అటువంటి సోడా బొమ్మకు అద్దెకిచ్చేవాడు, తాడేపల్లిగూడెంలో విద్యార్థులు వచ్చే తన దుకాణంపై ఆ బోర్డు తగిలించుకునేవాడు, “నేను మద్యం అమ్మలేదు, త్రాగలేదు” అని తప్పించుకోగలడా? పాపకార్యంలో తోడ్పడరాదని దివ్యఖుర్ఆన్ (5:2) ఆదేశిస్తోంది. అద్దె చిన్నదే కావచ్చు. దాని మూలం ఏమిటో అతనికి తెలుసు.

చట్టం టెలివిజన్‌ను, రహదారిని కాపలా కాయగలదు. కొల్లేటి లంక గ్రామంలో తండ్రి ఫోనుపై క్రికెట్ చూసే పిల్లవాని ప్రక్కన ప్రతిక్షణం కూర్చోలేదు. “ఆ సోడా వెనుక ఉన్నది ఏమిటో తెలుసా?” అని బిడ్డకు విప్పిచెప్పవలసినవాడు తండ్రి. ఆంధ్రలో 1995లో వచ్చిన మద్యనిషేధం 1997లో సడలిపోయింది. ప్రభుత్వాలు మారినా మారని నిషేధం విశ్వాసి ఇంట్లో ఉండాలి. దాన్ని తన గోడ నుండే ఆరంభించడం అతని చేతిలో పని.