పిత్తనాళంలో మొండి రాళ్లు: కోత లేకుండా పగలగొట్టే పద్ధతులు

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు వరకు పైత్యరసాన్ని తయారు చేస్తుంది. ఈ రసం పిత్తనాళం గుండా చిన్నపేగు మొదటి భాగానికి చేరి, కొవ్వు జీర్ణం కావడానికి తోడ్పడుతుంది. పిత్తాశయంలో ఏర్పడిన రాయి ఒక్కోసారి జారి ఈ నాళంలోకి వస్తుంది. కొందరిలో రాయి నాళంలోనే తయారవుతుంది. రాయి దారికి అడ్డుపడితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, పొట్ట పైభాగంలో కుడివైపున నొప్పి వస్తుంది. నిలిచిపోయిన రసంలో బ్యాక్టీరియా పెరిగితే చలిజ్వరం మొదలవుతుంది. ఆ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు. అందుకే కామెర్లకు జ్వరం తోడైతే పసరు మందులతో రోజులు గడపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మామూలు రాళ్లకు ఈఆర్‌సీపీ

నాళంలోని రాళ్లను తీయడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి ఈఆర్‌సీపీ. నోటి ద్వారా ఎండోస్కోపును చిన్నపేగు దాకా పంపి, పిత్తనాళం తెరుచుకునే చోట చిన్న గాటు పెడతారు. ఆపైన బెలూన్‌తో గానీ, సన్నని తీగల బుట్టతో గానీ రాయిని పేగులోకి లాగేస్తారు. ఈ గాటు పెట్టే విధానం 1974లో జర్మనీ, జపాన్‌లలో మొదలైంది. పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఇది సరిపోతుంది.

మిగిలినవారితోనే చిక్కు. రాయి 15 మిల్లీమీటర్లు దాటి ఉండవచ్చు. నాళం రాయికి కింది భాగంలో సన్నబడి ఉండవచ్చు. రాయి నాళం గోడల మధ్య బిగుసుకుపోయి, బుట్ట తెరుచుకోవడానికి చోటే లేకపోవచ్చు. పెద్ద బెలూన్‌తో దారిని వెడల్పు చేయడం, బుట్టలోనే రాయిని నలగ్గొట్టడం వంటివి ముందు ప్రయత్నిస్తారు. అవీ ఫలించకపోతే రాయిని ఉన్నచోటే పగలగొట్టాలి.

బయటి నుంచి షాక్ తరంగాలు

ఒక పద్ధతిలో శరీరం బయటి నుంచే షాక్ తరంగాలను పంపుతారు. 1980లో మ్యూనిక్‌లో మూత్రపిండాల రాళ్లకు మొదటిసారి వాడిన పరిజ్ఞానమే ఇది. శరీరంలోని మెత్తని కణజాలం ధ్వని విషయంలో చాలావరకు నీటిలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి తరంగాలు పెద్దగా అడ్డు లేకుండా సాగిపోతాయి. గట్టి రాయిని తాకిన చోట మాత్రం వాటి శక్తి విడుదలై పగుళ్లు ఏర్పడతాయి. వేల సంఖ్యలో దెబ్బలు పడ్డాక రాయి చిన్న ముక్కలవుతుంది.

దీనికి ముందు ముక్కు ద్వారా పిత్తనాళంలోకి సన్నని గొట్టం అమర్చుతారు. అందులో మందు ఎక్కించి, ఎక్స్‌రేలో రాయిని గుర్తించి గురిపెడతారు. ముక్కలను మళ్లీ ఈఆర్‌సీపీతో తొలగిస్తారు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2009లో 283 మంది రోగుల ఫలితాలను ప్రచురించారు. వారిలో సుమారు 84 శాతం మందికి నాళం పూర్తిగా శుభ్రపడింది.

లోపలి నుంచి లేజర్

రెండో పద్ధతిలో ఎండోస్కోపు గుండా మరింత సన్నని కెమెరా గొట్టాన్ని నేరుగా పిత్తనాళంలోకి పంపుతారు. వైద్యుడు రాయిని తెరపై చూస్తూ, లేజర్ ఫైబర్‌ను దాని దగ్గరకు చేరుస్తాడు. నాళాన్ని సెలైన్‌తో నింపి ఉంచుతారు. హోల్మియం లేజర్ కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. క్షణంలో ఆవిరి బుడగ పుట్టి కూలిపోతుంది. ఆ వేడి, ఒత్తిడి కలిసి రాయిని చీలుస్తాయి. లేజర్‌కు బదులు విద్యుత్ నిప్పురవ్వతో షాక్ తరంగం పుట్టించే పద్ధతీ ఉంది. రెండింటిలోనూ గురి తప్పితే నాళం గోడ గాయపడవచ్చు. కంటితో చూస్తూ చేయాల్సింది అందుకే.

ఏది ఎవరికి?

లోపలి నుంచి చేసే చికిత్సలో తరచూ ఒకే విడతలో పని పూర్తవుతుంది. అయితే పరికరాలు ఖరీదైనవి, అనుభవం ఉన్న వైద్యులు కావాలి. బయటి తరంగాలకు కొన్ని విడతలు పట్టవచ్చు. దేనిలోనైనా రక్తస్రావం, ఇన్ఫెక్షన్, ఈఆర్‌సీపీ వల్ల క్లోమం వాపు వంటి ఇబ్బందులు కొందరికి రావచ్చు. వెంటనే రాయిని తీయలేని స్థితిలో స్టెంట్ వేసి రసం పారేలా చేస్తారు. అది తాత్కాలికమే. ఆ స్టెంట్ పూడుకుపోతే ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది కాబట్టి, వైద్యులు చెప్పిన గడువుకు తప్పక వెళ్లాలి. పిత్తాశయంలో ఇంకా రాళ్లుంటే దాన్ని తొలగించుకోవాలని సాధారణంగా సూచిస్తారు. లేకపోతే మరో రాయి అదే దారిలోకి జారే అవకాశం ఉంటుంది.