కత్తెర కంటే ముందు నీళ్లు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తరతరాల క్రితమే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి పూరీ గేట్ దగ్గర ఉందనుకుందాం. ఆ ఇంటి అమ్మాయి కాలేజీలో చేరుతోందని అమ్మమ్మ శ్రీకాకుళం జిల్లా పొందూరు నుంచి ఖద్దరు గుడ్డ పంపింది. అమ్మాయి దానిని వెంటనే దర్జీకి ఇచ్చి కమీజు కుట్టించుకుంది. కుట్టిన రోజు చక్కగా సరిపోయింది. ఒక్క ఉతుకుతో బిగుతయింది. దర్జీ కొలతలు సరైనవే. మరి పొరపాటు ఎక్కడ జరిగింది?

మగ్గం మీద పడుగు దారాలను బిగించి లాగి నేస్తారు. గంజి వాటిని అలాగే బిర్రుగా నిలుపుతుంది. నూలు అంటే సెల్యులోజ్. దాని అణువులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. నీరు చేరగానే ఈ బంధాలు సడలి, లాగి ఉంచిన దారం తన సహజస్థితికి వస్తుంది.

మరో కారణం కూడా ఉంది. తడిసిన నూలు పోగు పొడవులో పెరిగేది సుమారు 1 శాతమే, మందంలో మాత్రం 20 శాతం దాకా ఉబ్బుతుంది. ఒక తాడును సన్నని పుల్లల మధ్య అల్లి చూడండి. అదే తాడును లావు కర్రల మధ్య అల్లితే ఎక్కువ వంపులు తిరగాలి కనుక తక్కువ దూరమే వస్తుంది. పడుగు, పేకల మధ్య జరిగేది ఇదే. ఆరాక కూడా ఆ వంపులు చాలావరకు మిగిలిపోతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఛాతీ కొలత 90 సెంటీమీటర్లు. వదులుకు 6 కలిపి 96 కుట్టారు. గుడ్డ 4 శాతం కుదిస్తే మిగిలేది సుమారు 92. అంటే వదులు 6 నుంచి 2కి పడిపోయింది!

అమెరికాకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ గుడ్డను తడిపి, యంత్రంతో ముందే కుదించే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ పద్ధతిలో తయారైన మిల్లు గుడ్డ తక్కువ కుదిస్తుంది. చేనేత గుడ్డకు మాత్రం ఆ పని మనమే చేసుకోవాలి. జాకెట్టు లైనింగ్‌ను, చీర ఫాల్‌ను తడిపి ఆరబెట్టి కుట్టడం అందుకే. రెండు గుడ్డలు వేర్వేరుగా కుదిస్తే కుట్టు దగ్గర ముడతలు పడతాయి.

మీరే పరీక్షించండి. గుడ్డ మీద నిలువుగా, అడ్డంగా 50 సెంటీమీటర్ల చొప్పున గుర్తులు పెట్టండి. ఉతికి, ఆరాక కొలవండి. 48 వస్తే కుదింపు 4 శాతం.

ముందుగా ఒక మూలను తడిపి, తెల్లగుడ్డతో రుద్ది రంగు పోతుందేమో చూడండి. తర్వాత విడిగా నానబెట్టి, పిండకుండా నీడలో ఆరబెట్టి, కాస్త తడిగా ఉండగానే లాగకుండా ఇస్త్రీ చేయండి. డ్రై క్లీనింగ్ మాత్రమే చేయవలసిన పట్టును నీటిలో వేయవద్దు. కొన్ని గుడ్డలు రెండో ఉతుకులోనూ కుదిస్తాయి. వాటిని రెండుసార్లు తడపడం మేలు.

కుదించే గుడ్డ ఎలాగూ కుదిస్తుంది. అది కత్తెర పడకముందే జరిగితే కొలతను సరిచూసుకోవచ్చు. కుట్టాక జరిగితే అమ్మమ్మ పంపిన గుడ్డ పెట్టె అడుగుకే చేరుతుంది.