నమ్మడం, మాట వినడం

సిగ్నలు పచ్చగా వెలిగితే రైలు డ్రైవరు బండిని ముందుకు నడుపుతాడు. ఎదుటి సెక్షను ఖాళీగా ఉన్నదీ లేనిదీ అతని కంటికి కనిపించదు. అయినా నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని చూపించమని ఎవరైనా అడిగితే కదులుతున్న చక్రాలనే చూపించాలి. ఎరుపు వెలిగినప్పుడు ఆగడంలో ఉన్నదీ ఆ నమ్మకమే. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూర్‌లో, తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న రైల్వే కాలనీలలో, ఈ సంగతి పిల్లలకు సైతం తెలుసు. ఇటువంటి సంగతి మీదనే క్రైస్తవలోకం శతాబ్దాలపాటు వాదించుకున్నది: మనిషికి రక్షణ లభించేది విశ్వాసం వల్లనా, విధేయత వల్లనా?

వాదానికి మూలం కొత్త నిబంధనలోనే ఉన్నది. ధర్మశాస్త్ర క్రియలతో నిమిత్తం లేకుండా విశ్వాసం చేతనే మనిషి నీతిమంతుడవుతాడని పౌలు బోధ. క్రియలు కొరవడిన విశ్వాసంలో జీవం లేదని యాకోబు హెచ్చరిక. విచిత్రమేమంటే ఇద్దరూ సాక్షిగా పిలిచినది అబ్రాహామునే. సంతానం లేని ముదిమిలో దేవుని వాగ్దానాన్ని నమ్మిన అబ్రాహామును, ఆదికాండం 15వ అధ్యాయం నుంచి, పౌలు చూపాడు. కన్నకొడుకును బలిపీఠం వద్దకు తీసుకువెళ్ళిన అబ్రాహామును, 22వ అధ్యాయం నుంచి, యాకోబు చూపాడు. మనిషి ఒక్కడే, నడుమ గడిచినది అతని జీవితం.

1522లో మార్టిన్ లూథర్ యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. 1547లో ట్రెంట్ మహాసభ లూథర్ పక్షాన్ని ఖండించింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు: రక్షణ దైవానుగ్రహం వల్లనే కలుగుతుంది, సత్క్రియలు దాని ఫలాలు.

బిలాస్‌పూర్‌కు ఈ ప్రశ్న రైలు కంటె ముందే వచ్చింది. 1885లో ఇక్కడ పని ప్రారంభించిన డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషనరీలు అమెరికా నుంచి స్పష్టమైన సమాధానం వెంట తెచ్చారు. వారి తొలితరం బోధకుడు వాల్టర్ స్కాట్ 1827లో ఒహాయోలో దానిని పిల్లలకు ఐదు వేళ్ళమీద లెక్కపెట్టి నేర్పేవాడు: విశ్వాసం, పశ్చాత్తాపం, బాప్తిస్మం, పాపక్షమాపణ, పరిశుద్ధాత్మ వరం. మొదటి మూడూ మనిషి చేయవలసినవి, చివరి రెండూ దేవుడు ఇచ్చేవి. నీటిలో దిగడమనే విధేయత లేనిదే లెక్క పూర్తికాదు. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, ఈ శాఖ కూడా శిశువులకు బాప్తిస్మమిచ్చే ఆంగ్లికన్లతో కలిసింది. రెండు పద్ధతులూ సమ్మతమేనని ఆ సంఘం అంగీకరించింది.

సిద్ధాంతం కంటె జీవితం పెట్టే పరీక్ష కఠినం. తెలుగునాట అది ఒంగోలు ప్రాంతంలో జరిగింది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని పేదలకు కూలి కల్పించాడు. వారు బాప్తిస్మం అడిగితే ఏడాదికి పైగా ఇవ్వలేదు. అడుగుతున్నది ఆకలో, విశ్వాసమో తేలాలి గదా! కరువు సహాయం ముగిసినా వారు అడగడం మానలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ ఉద్యమంలో చేరినవారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. వారికి విధించిన నియమాలు చూడడానికి చిన్నవి: ఆదివారం పని మానాలి, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. కాని జాతరలలో డప్పు కొట్టడం వారి వెట్టిచాకిరిలో భాగం. అది మానడమంటే ఊరిపెద్దల ఆగ్రహాన్నీ పస్తులనూ కొనితెచ్చుకోవడమే.

ఇంగ్లీషు నుంచి అనువదించేవారికి ‘ఫెయిత్’, ‘ఒబీడియన్స్’ అనే మాటలు రెండు వేరువేరు గదులుగా కనిపిస్తాయి. తెలుగులో ఆ గోడ పలుచన. కుక్కకు విశ్వాసం ఉన్నదంటే అది యజమానిని విడవదని అర్థం. నమ్మినవారిని వంచించినవాడే విశ్వాసఘాతకుడు. మాట వినే పిల్లవాడు అంటే చెప్పినట్లు చేసేవాడు. కొత్త నిబంధన మూలభాషయైన గ్రీకులోనూ ఇంతే: ‘పిస్తిస్’ నమ్మకాన్నీ నమ్మకంగా ఉండడాన్నీ సూచిస్తుంది, విధేయతకు వాడిన ‘హుపకోయే’ వినడమనే ధాతువు నుంచి పుట్టింది.

అయితే రెండూ ఒకటేనని తేల్చివేయడం కూడా ప్రమాదమే. సిలువ మీద యేసు పక్కన మరణించిన దొంగకు బాప్తిస్మానికి గాని సత్క్రియలకు గాని వ్యవధి లేదు. అయినా పరదైసు వాగ్దానం పొందాడు. విధేయతను టిక్కెట్టు ధరగా కట్టే బోధ అతనిని ప్లాట్‌ఫారం మీదనే వదిలివేస్తుంది.

శ్రీవైష్ణవులలోనూ ఇటువంటి తర్కమే ఉన్నది. తల్లిని గట్టిగా పట్టుకునే కోతిపిల్ల వడగలై వారి ఉపమానం. తల్లి నోట కరచుకుని తీసుకుపోయే పిల్లికూన తెంగలై వారిది. కాని ఆలోచించి చూడండి: కోతిపిల్ల కూడా తన కాళ్ళతో నడవడం లేదు, తల్లే మోస్తున్నది. ఆ పట్టు ప్రయాణానికి కట్టే కూలి కాదు. తల్లిని నమ్మిన బిడ్డ చేసే పని. కూలి ఆగిపోయిన తరువాత గుండ్లకమ్మ ఒడ్డుకు నడిచివచ్చిన ఆ 2,222 మందికి ఈ తేడా ఏ గ్రంథమూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది.