ఆడిప్పెరుక్కు : కావేరి నీటి పండుగ

తమిళుల పండుగ లనగానే మనకు మొదట స్ఫురించునది పొంగల్. పండిన ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట జరుపుకొను సంబరమది. కాని ఆ ధాన్యమునకు విత్తు పడు కాలముననే కావేరీతీరమున మరియొక పండుగ జరుగును. దాని పేరు ఆడిప్పెరుక్కు. ఆడి తమిళమాసము, పెరుక్కు అనగా నీరు పెరుగుట. సూర్యుడు కర్కాటకరాశియం దుండు ఈ మాసము జూలై నడుమ ఆరంభమై ఆగస్టు నడుమ ముగియును. అందు పదునెనిమిదవ దినము పండుగ. మన ఆషాఢము చాంద్రమానము ననుసరించును గనుక ఏటేట ముందువెనుకలగుచుండును. ఆడి సౌరమాసము. అందుచే ఈ పండుగ ఆగస్టు 2, 3 తేదీలను దాటిపోదు.

ఈ దినమునే ఏల నిర్ణయించిరో తెలియవలెనన్న నది పుట్టుచోటికి పోవలెను. కావేరి కొడగు సీమలో బ్రహ్మగిరి కొండలయందు తలకావేరివద్ద జన్మించును. జూన్, జూలై నెలలలో నైరృతి ఋతుపవనము పశ్చిమకనుమలపై కుంభవృష్టి కురియును. హేమావతి, కబిని మొదలగు ఉపనదుల నీటిని కూడ కలుపుకొని నది తూర్పునకు దిగును. ఆ నెలలలో తంజావూరు సీమలో వాన స్వల్పము. అచ్చటి పెద్దవానలు అక్టోబరునుండి డిసెంబరువరకు. కావున తలపై మేఘము లేకున్నను ఎదుట నది నిండి పారును. ఎక్కడనో కురిసిన వానకు ఇక్కడివారు చెల్లించు కృతజ్ఞతయే ఈ పండుగ.

ఆనాడు కావేరిని గర్భవతిగా భావింతురు. నిండుచూలాలికి మనము సీమంతము చేసి సారె పెట్టునట్లు, అచ్చటి స్త్రీలు ఏటికి సారె పెట్టుదురు. పసుపు, కుంకుమ, గాజులు, నల్లపూసలు, తాటియాకు చుట్టిన చెవికమ్మలు నీటిలో విడుతురు. చూలాలి కోరిక తీర్చునట్లు పులిహోర, కొబ్బరియన్నము, చక్కెరపొంగలి, దధ్యోదనము వండితెచ్చి నివేదించి, ఇసుకపై కూర్చుండి బంధుమిత్రులతో భుజింతురు. క్రొత్తగా పెండ్లియైన జంటలు వివాహమాలికలను ఏటిలో కలుపుదురు. వధువు తాళికి క్రొత్త పసుపుత్రాడు మార్తురు. కుండలలో నవధాన్యములు చల్లి పెంచిన మొలకలను, ములైప్పారి అనువానిని, ప్రవాహమున విడిచిపెట్టుదురు. విత్తనముల సత్తువ ఆ మొలకలవలననే రైతుకు తెలియును. ఆడిలో అదను వెదకి విత్తుమని తమిళ సామెత. పిల్లలు చిన్న చప్పరపుబండ్లను వీథులలో లాగుచు ఆడుకొందురు.

యాత్రికుడు ఈ వేడుకను శ్రీరంగమున అమ్మమండపపు రేవులో చూడవచ్చును, భవానీసంగమమున చూడవచ్చును, తిరువయ్యారు మెట్లపై చూడవచ్చును. తిరువయ్యారు తెలుగువారికి పరాయి ఊరు కాదు. త్యాగరాజస్వామి తెలుగు కృతులు రచించినదియు, సమాధి నందినదియు ఆ యేటి యొడ్డుననే. కల్కి 1950లో ధారావాహికగా ఆరంభించిన ‘పొన్నియిన్ సెల్వన్’ నవల ఈ పండుగ దినముననే వీరనారాయణపు చెరువుగట్టుపై మొదలగును.

కావేరి నీటిని కట్టి పొలములకు మరల్చిన కీర్తి కరికాలచోళునిది. కల్లణై ఆయన నిర్మాణమని ప్రసిద్ధి. తెలుగుచోడులు తమ శాసనములలో ఆ కరికాలుని వంశమువారమని చెప్పుకొనిరి. ఆర్థరు కాటను ఆ ప్రాచీనపు కట్టను పరిశీలించి, 1836లో కొల్లిడముపై ఆనకట్ట కట్టించెను. ఆ యనుభవముతోనే గోదావరికి వచ్చి, 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభించెను. గోదావరి డెల్టా పచ్చదనమునకు కావేరియే తొలి పాఠశాల యైనది.

పూర్వము ఈ వరద తనంతట వచ్చెడిది. 1934లో మెట్టూరు జలాశయము పూర్తియైన నాటినుండి తలుపు లెత్తిననే నీరు. ఏటేట జూన్ 12న డెల్టాకు నీరు విడుచుట వాడుక. ఎగువ నుండి రాకున్న ఆ తేది తప్పును. కర్ణాటక తమిళనాడుల నడుమ జలవివాదము తీర్చుటకు 1990లో న్యాయమండలి ఏర్పడెను. తమిళనాడునకు ఏటికి 177.25 టి.ఎం.సి.ల నీరు విడువవలెనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఐనను వాన కురియని యేట ఆ లెక్క నిండుట కష్టము. 2017లో పండుగనాటికి నది ఎండియుండగా తిరుచ్చి రేవులలో గొట్టములు అమర్చి, జల్లునీటితో స్నానములు చేయించిరి. 2024లో అదే దినమున మెట్టూరునుండి సెకనుకు లక్ష ఘనపుటడుగులకు పైగా నీరు వచ్చుటచే, ఏటిలో దిగవలదని అధికారులు ఆపవలసివచ్చెను.

ఒకయేట ఇసుక, ఒకయేట ఉప్పెన. రెండింటియందును స్త్రీలు పసుపుకుంకుమలతో రేవునకు వచ్చుట మానలేదు. పండుగ దినము పంచాంగములో ముందే వ్రాసియున్నది. నీటి సంగతి తెలియుటకు మాత్రము తంజావూరు సీమ రైతు ఉదయముననే పత్రిక తెరచి, 120 అడుగుల మెట్టూరులో నేడు నీరెంత యున్నదో చూచుకొనును. పండుగ చూడబోవు విద్యార్థులు రేవులోని వేడుకతోపాటు పత్రికలోని ఆ అంకెను కూడ చూచుట మంచిది. ఆనాటి పూజలోని ఆరాటమంతయు ఆ అంకెలోనే యున్నది.