చవగ్గా దొరికే పాత క్యూ7... డబ్బు ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

ఒకప్పుడు షోరూంలో 60 లక్షలు దాటిన ఆడి క్యూ7 ఇప్పుడు కొత్త బ్రెజా ధరకు దొరుకుతోంది. 2013 మోడల్, డీజిల్, మీటర్ మీద లక్షా నలభై వేల కిలోమీటర్లు. ఏడుగురు హాయిగా కూర్చోవచ్చు. ఇంటి ముందు ఆపితే గల్లీ అంతా తిరిగి చూస్తుంది. సౌదీలోనో, దుబాయ్‌లోనో ఏళ్ల తరబడి కష్టపడి వచ్చిన అబ్బాయికి, ఇంట్లో చెల్లి నిఖా దగ్గర పడుతున్న వేళ ఇంతకంటే ఊరించే బేరం ఇంకోటి ఉండదు. బీఎండబ్ల్యూ ఎక్స్5, మెర్సిడెస్ జీఎల్, రేంజ్ రోవర్... అన్నిటిదీ ఇదే కథ.

లెక్క తప్పేది ఇక్కడే. బండి ధర పడిపోయింది గానీ దాని స్పేర్ పార్టుల ధర పడిపోలేదు. 12 లక్షలకు కొన్నా అది 60 లక్షల బండే. బ్రేక్ డిస్కు నుంచి హెడ్‌లైట్ దాకా ప్రతి సామానూ 60 లక్షల బండి సామానే. అందుకే కొనే ధర ఎంత అన్నదానికంటే కొన్న మొదటి ఏడాది ఎంత పెట్టాల్సి వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

మన కుటుంబాల్లో ఇంకో సంగతి ఉంది. వడ్డీకి దూరంగా ఉండాలని చాలామంది ఫైనాన్స్ జోలికి పోరు. చేతిలో ఉన్నది, మామూ దగ్గరో భాయ్ దగ్గరో తీసుకున్న కర్జ్ కలిపి ఒకేసారి కట్టేస్తారు. మంచిదే. కానీ బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు వాల్యుయేటర్ వచ్చి బండి చూస్తాడు, కాగితాలు సరిచూస్తారు. పూర్తి డబ్బు ముందే పెట్టి కొనేవాళ్లకు ఆ రెండో కన్ను ఉండదు. ఆ పని కొనేవాళ్లే చేసుకోవాలి.

అంత చవక ఎందుకు?

హైదరాబాద్‌కు వచ్చే ఇలాంటి బండ్లలో చాలా వాటికి ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా మూలాలు ఉంటాయి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. ఆ తర్వాత అమలులో మార్పులు వస్తూనే ఉన్నాయి గానీ అక్కడ పాత డీజిల్ బండి ధర మాత్రం అప్పుడే పడిపోయింది. కాబట్టి ఢిల్లీ బండి చవగ్గా ఉందంటే అది పాడైందనే అర్థం కాదు. అక్కడ దానికి గిరాకీ లేదు, అంతే. ఇందులో నిజంగా మంచి బండ్లూ ఉంటాయి. చెడ్డవి కూడా ఇదే కారణం చెప్పుకుని అమ్ముడుపోతాయి.

కిలోమీటర్లు ఎక్కువ ఉండటం కూడా తప్పు కాదు. హైవే మీద లక్షా ఎనభై వేలు తిరిగి, ప్రతి సర్వీసుకూ బిల్లు ఉన్న బండి మేలు. ట్రాఫిక్‌లో తొంభై వేలు నలిగి, ఒక్క బిల్లూ లేని బండి జోలికి పోకపోవడమే మంచిది. సమస్యల్లా ఆ తొంభై వేలు నిజంగా తొంభై వేలేనా అన్నదే.

"మీటర్ ఎందుకు చూస్తారు భాయ్, ఇంజన్ చూడండి" అని అమ్మేవాళ్లు అంటుంటారు. మీటర్ వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. దాన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, చాసిస్ నంబర్ తీసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడగడం. ఓనర్ ద్వారా అడిగిస్తే పని సులువు. 2019లో లక్షా అరవై వేలు రాసి ఉండి ఇప్పుడు మీటర్ లక్షా నలభై చూపిస్తే ఇంక మాట్లాడేది ఏముంది? రెండోది, స్కానర్ పెట్టించడం. కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ కంప్యూటర్ లాంటివి కిలోమీటర్లను విడిగా దాచుకుంటాయి. మీటర్ తిప్పినవాడు అక్కడ తిప్పడం మర్చిపోతాడు. ఇవేవీ కుదరకపోతే బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు పక్క అంచు చూడండి. డెబ్బై వేలు తిరిగిన బండిలో పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు.

చల్లారిన బండినే చూడాలి

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎవరో ముందే నడిపారన్నమాట. ఎందుకు నడిపారో అడగాలి, లేదా ఇంకో రోజు రావాలి.

ముందు స్టార్ట్ చేయకుండానే నాలుగు మూలలా బండి ఎత్తు చూడండి. ఈ తరగతి బండ్లు చాలావరకు మామూలు స్ప్రింగుల మీద కాకుండా గాలి బుడగల మీద నిలబడతాయి. క్యూ7లో కొన్నిటికి, మెర్సిడెస్ జీఎల్‌కు ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. ఎక్స్5లో వెనక వైపు ఉన్నవి ఉన్నాయి. పదేళ్లకు ఆ బుడగల రబ్బరు పగుళ్లిస్తుంది. రాత్రంతా నిలబడితే గాలి దిగిపోయి ఒక మూల కుంగుతుంది. స్టార్ట్ చేసిన నిమిషంలో కంప్రెసర్ గాలి నింపేస్తుంది, బండి మళ్లీ సమానంగా నిలబడుతుంది. మధ్యాహ్నం వెళ్లి చూసినవాళ్లకు ఏ లోపమూ కనపడనిది అందుకే. పైగా లీకు ఉన్నన్నాళ్లూ కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, చివరికి అదీ కాలిపోతుంది. అంటే బుడగతో పాటు కంప్రెసర్ కూడా కొనాలి. స్విచ్ నొక్కి బండిని పూర్తిగా పైకి లేపించండి, పూర్తిగా కిందికి దింపించండి. ఇంజన్ ఆపి ఓ గంట తర్వాత మళ్లీ ఎత్తు చూడండి. కొందరు ఖర్చు భరించలేక బుడగలు తీసేసి మామూలు స్ప్రింగులు వేయిస్తారు. అది దాచాల్సిన విషయం కాదు గానీ ధరలో తగ్గాలి.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. అద్దాలు దించి, ఏసీ ఆపి, మొదటి మూడు నాలుగు సెకన్లు జాగ్రత్తగా వినాలి. లోపల గొలుసు కొట్టుకున్నట్టు గలగల వచ్చి ఆగకపోతే టైమింగ్ చైన్‌ను అనుమానించాలి. పాత క్యూ7 మూడు లీటర్ల డీజిల్ ఇంజన్‌లో ఆ చైన్ ముందు వైపు కాదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఎక్స్5లో 2010 తర్వాత వచ్చిన డీజిల్ ఇంజన్‌లోనూ అంతే. చైన్ మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో కిందికి దించాలి. సామాను ఖర్చు ఒక ఎత్తు, దించి ఎక్కించే మజూరీ ఇంకో ఎత్తు. మెర్సిడెస్ వీ6 డీజిల్‌లో ఆయిల్ కూలర్ సీళ్లు ఇంజన్ నడిమధ్య లోయలో కూర్చుంటాయి. అవి కారితే ఇంజన్ వెనక నుంచి ఆయిల్ చుక్కలు పడతాయి. సీలు చిన్నదే, దాని దాకా చేరడానికి పైనున్నదంతా విప్పాలి. ల్యాండ్ రోవర్ వీ6 డీజిల్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ విరిగిన సంఘటనలు చాలా దేశాల్లో తెలిసినవే. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో రికార్డు లేని రేంజ్ రోవర్‌ను ఎంత చవకైనా వదిలేయడం మేలు.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయిస్తే పొగ గుప్పుమని కొట్టకూడదు. మన మెకానిక్‌లు దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం.

గేర్‌బాక్స్ సంగతి ఒక్క రౌండ్ తిప్పితే తెలియదు. కనీసం 40 నిమిషాలు నడపాలి. ముందు మెహదీపట్నం లాంటి ట్రాఫిక్‌లో నెమ్మదిగా, తర్వాత ఔటర్ మీద 100 దగ్గర. వేడెక్కాక రెండు, మూడు గేర్ల మధ్య కుదుపు వస్తోందా, రివర్స్ నుంచి డ్రైవ్‌కు మారేటప్పుడు ఆలస్యం అవుతోందా చూడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీలు చెప్పేవి. ఎక్స్5కు గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఎవరి మాట వినాలో చెప్పక్కర్లేదు. మార్చిన బిల్లు ఉందా అని అడగండి.

ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపించండి. బండి పట్టేసినట్టు కుదిపితే నాలుగు చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో తేడా ఉండొచ్చు. నాలుగు టైర్లు ఒకే రకంగా లేకపోయినా అదే ఇబ్బంది వస్తుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 3221 అంటే 2021లో 32వ వారం తయారైందని.

నీళ్లు ఎక్కిన బండి

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ మునిగాయి. ఆ నీళ్లలో నిలబడ్డ బండ్లు ఎక్కడికీ పోలేదు, కడిగి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, చివర్లో బురద గీత కనపడుతుంది. సీట్ల కింద బోల్టులకు తుప్పు, స్పేర్ టైర్ గుంతలో మట్టి, అత్తరు ఎంత కొట్టినా పోని ముక్క వాసన... ఇవి దాచడం కష్టం. వరద రాకున్నా సన్‌రూఫ్ నీటి గొట్టాలు పూడుకుపోయి వాన నీళ్లు కార్పెట్ కిందికి దిగుతాయి. ఈ బండ్లలో వైర్లు, కంప్యూటర్లు ఉండేది కూడా కిందే. చెయ్యి పెట్టి కార్పెట్ కింద తడి ఉందేమో చూడాలి.

టెస్ట్ డ్రైవ్ అయ్యాక స్కానర్ పెట్టించండి. ముందు పెట్టిస్తే లాభం లేదు. తప్పుల కోడ్‌లు పొద్దున్నే చెరిపేసి ఉంటారు, 40 నిమిషాలు నడిచాక కొన్ని తిరిగొస్తాయి. ర్యాంప్ ఎక్కించి కింద నుంచి చూడటం, స్కానింగ్ రెండూ ఆ కంపెనీ బండ్లే చూసే మెకానిక్‌తో చేయించాలి. బండి అమ్మేవాళ్లు తెచ్చిన ఉస్తాద్‌తో కాదు.

కాగితాలు, డబ్బు

ఢిల్లీ బండికి అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, లేకపోతే ఇక్కడ మన పేరున ఎక్కదు. "తర్వాత తెప్పిస్తాం" అంటే డబ్బు కూడా తర్వాతే. పాత లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 ఉండాలి. ఓనర్ సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, 30లు పట్టుకుని మూడు చేతులు మారిన బండ్లు కన్సల్టెన్సీల్లో చాలా ఉంటాయి. ఆర్‌సీలో పేరున్న మనిషితో ఒక్కసారైనా ఫోన్‌లో మాట్లాడకుండా ముందుకు పోవద్దు. చాసిస్ నంబర్‌ను బండి మీద చూసి ఆర్‌సీతో అంకె అంకె పోల్చాలి.

వేరే రాష్ట్రం బండికి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మనం కొన్న 12 లక్షల మీద కాదు, బండి మొదటి ధర, వయసు చూసి లెక్కేస్తారు. ఎంత పడుతుందో ఆర్టీఏలో ముందే అడిగి ఆ మొత్తం బేరంలో కలుపుకోవాలి. చాలామంది ఇది మర్చిపోతారు. ఆర్‌సీ 15 ఏళ్లకే ఇస్తారు కాబట్టి 2013 బండి 2028లో మళ్లీ ఫిట్‌నెస్‌కు వెళ్లాలి.

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. 50 శాతం ఉంటే వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేదని. సున్నా ఉంటే ఏం జరిగిందో అడగాలి. ఆ బోనస్ కొన్నవాళ్లకు రాదు. పాలసీని 14 రోజుల్లోపు తమ పేరుకు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలి.

డబ్బు నోట్ల కట్టలుగా ఇవ్వొద్దు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం నేరుగా జరిమానాకు దారితీస్తుంది. బ్యాంకు ద్వారా పంపితే రేపు గొడవ వచ్చినా రుజువు ఉంటుంది. టోకెన్ ఇచ్చేటప్పుడే "చెకింగ్‌లో లోపం తేలితే టోకెన్ వాపస్" అని రాయించుకోవాలి, వాట్సాప్‌లో అయినా సరే.

ఇక బడ్జెట్. చేతిలో 12 లక్షలుంటే 12 లక్షల బండి చూడకూడదు. 9 లక్షల బండి చూసి, ట్యాక్స్ పోను మిగిలింది మొదటి ఏడాది పనులకు పక్కన పెట్టాలి. కొన్న వారంలోనే అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు, బ్యాటరీ, బ్రేకుల పని ఎలాగూ ఉంటుంది. ఆ డబ్బు మిగలదనుకుంటే అదే ధరకు పాత ఇన్నోవా వస్తుంది. బారాత్‌లో అంత దర్జాగా కనపడదేమో గానీ దాని సామాను కర్నూలులో దొరుకుతుంది, కామారెడ్డిలోనూ దొరుకుతుంది.